బండి నడిపింది బావే

అక్కా,

చింపేసే ముందు ఈ ఉత్తరం ఒక్కసారి చదువు.

మీ వ్యాను గుద్ది పేపర్లు వేసే పెద్దాయన కాలు పోయిన రోజు దాన్ని నడిపింది బావేనని నిన్న కోర్టులో చెప్పాను. పక్క సీట్లో ఉన్నది నేనే కదా. "మా డ్రైవరు నడిపాడని ఒక్క ముక్క అనరా, నిన్ను చంకనేసుకుని పెంచాను" అని నువ్వు ఏడ్చావు. అందుకే మూడు నెలలు నోరు మెదపలేదు. కానీ ఆ మూడు నెలలూ మోకరిస్తే ఒక్క ప్రార్థన కూడా రాలేదు. ఏ పాపమూ తెలియని డ్రైవరును జైలుకు పంపి ప్రభువుకు ముఖం ఎలా చూపించను? నువ్వంటే ప్రాణమే అక్కా. అయినా ఆయన తర్వాతే ఎవరైనా అని నాకు చిన్నప్పుడు నేర్పింది నువ్వే.

పోలీసులు తీసుకెళ్తుంటే బావ నా దగ్గర ఆగాడు. కొడతాడనుకున్నాను. "పిల్లల్ని బడికి ఎవరు దింపుతారోయ్?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

సోమవారం ఎనిమిదింటికి మీ గేటు బయట ఉంటాను. నాతో మాట్లాడక్కర్లేదు. పిల్లల్ని పంపు, చాలు.

నీ తమ్ముడు