అవతలి రేవులో పసుపు జెండా

ప్రయాణ ప్రణాళికా కార్యాలయం వారికి,

ఈ ఒడ్డున చివరి ఇంట్లో వలలు బాగుచేసుకునే మనిషి రాసుకునేది.

మీ ఫారం అందింది. కాగితం మంచిది. ‘గత నెలలో ఉప్పుటేరు ఎన్నిసార్లు దాటారు?’ అని అడిగారు. సున్నా అని రాశాను. పడవ ఆపేసి నాలుగేళ్లయింది, నాది ఈదే వయసు కాదు. ‘ప్రయాణ కారణం’ అన్నచోట ‘అక్క’ అని రాశాను. అక్క అవతలి ఒడ్డున ఉంటుంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్లాలంటే మూడు బస్సులు మారాలి. రెండోది వచ్చేసరికి మూడోది వెళ్లిపోతుంది. ఒకసారి బయలుదేరి, బస్టాండు బల్ల మీద సాయంత్రం దాకా కూర్చుని వెనక్కొచ్చాను. పడవ మళ్లీ వేయించండి.

ఇట్లు,
వలల మనిషి

తా.క.: అవతలి రేవులో సాయంత్రం పూట పసుపు జెండా పెడుతున్నారు. పడవే లేని రేవుకి జెండా దేనికో కాస్త కనుక్కోండి.

*

అమ్మగారికి నమస్కారం.

మీ ఒడ్డున ఫారం నింపి పంపింది మీరొక్కరే. మీ జవాబు సున్నా. కాబట్టి ఏరు దాటాల్సిన అవసరం మీ ఒడ్డున ఎవరికీ లేదని లెక్క తేలింది. సహకరించినందుకు కృతజ్ఞతలు.

భవదీయుడు,
మూడో బల్ల గుమస్తా

తా.క.: మా కార్యాలయం ఏ జెండా పెట్టలేదు. విచారణకు రాశాం.

*

మూడో బల్ల గుమస్తాగారికి,

అన్నం పెట్టకుండా, తినలేదు కాబట్టి ఆకలి లేదన్నట్టుంది మీ లెక్క. సరే. నేను రోజూ పని ముగించి, సంచీ సర్దుకుని రేవు దాకా వెళ్తాను. కాసేపు నిలబడి వెనక్కొస్తాను. నెలకి ముప్పై సార్లు. ఈసారి ముప్పై అని రాసుకోండి.

ఇట్లు,
ఆ వలల మనిషే

తా.క.: నిన్న జెండా అటూ ఇటూ బాగా ఊగింది. గాలి మాత్రం లేదు.

*

అమ్మగారికి నమస్కారం.

మీరు నెలకు ముప్పై ప్రయాణాలు చేస్తున్నారని తెలిసి సంతోషించాం. ఉన్న సౌకర్యంతోనే రోజుకొక ప్రయాణం సాగుతున్నందున కొత్త పడవ అక్కర్లేదని నిర్ణయించడమైనది.

భవదీయుడు,
మూడో బల్ల గుమస్తా

తా.క.: విచారణాధికారి ఉదయం పదింటికి అవతలి రేవుకి వెళ్లి చూశారు. జెండా లేదు. జెండా ఫైలు మూసేశాం.

*

బాబూ,

నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఇక గారూ గీరూ లేకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

అక్క వారానికి రెండు రోజులు పడవలో వచ్చేది. ఒకే వలకి ఆ చివర ఆవిడ, ఈ చివర నేను కూర్చునేవాళ్లం. నాలుగేళ్ల కింద ఒకరోజు నోరు ఊరుకోక ‘నీ ముడి వదులే అక్కా’ అన్నాను. సూది కింద పెట్టి లేచింది. ‘నువ్వొచ్చి పిలిచేదాకా నీ గడప తొక్కను’ అంది. మర్నాడే వెళ్లాల్సింది. బెట్టు చేసి ఒక వారం ఆగాను. ఆ వారంలోనే పడవ ఆపేశారు. అక్క మాత్రం ఇదంతా ఇంకా నా బెట్టే అనుకుంటోంది.

ఉత్తరం రాయొచ్చుగా అంటావేమో. రాస్తే ‘కార్డుతో సరిపెట్టింది’ అంటుంది. మా అక్క సంగతి నీకు తెలియదు. ఎదురుగా నిలబడి తిట్లు తినాలి.

ఆ వల ఇంకా వాడుతున్నారు. నా ముళ్లు మూడుసార్లు ఊడాయి. ఆవిడవి ఒక్కటీ ఊడలేదు. ఈ మాట అక్కకి చెప్పాలి. ఆవిడకి డెబ్బై రెండు. నీ లెక్కలు తేలేదాకా ఉంటుందో లేదో అని భయంగా ఉంది. నాకు అక్కని చూడాలనుంది బాబూ, అంతే.

తా.క.: జెండాని సాయంత్రం చూడమను. పట్టపగలు చూసి చంద్రుడు లేడని రాసే రకంలా ఉన్నాడు మీ అధికారి.

*

పెద్దమ్మగారికి,

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. మా ఫారంలో ‘దాటినవి ఎన్ని’ అని ఉంది గానీ, ‘దాటాలనుకున్నవి ఎన్ని’ అని లేదు. ఆ గడి పెట్టించాను. అందులో మీకు రోజుకొకటి చొప్పున నాలుగేళ్లకు పద్నాలుగు వందల అరవై వేశాను. పైవాళ్లు సంతకం పెట్టారు.

గురువారం నుంచి పడవ వస్తుంది. అవతలి ఒడ్డు నుంచి కూడా ఒకే ఒక్క దరఖాస్తు ఉంది. ఎవరిదో చెప్పడానికి నిబంధన ఒప్పదు. ఏ ఒడ్డుకీ అన్యాయం జరగకూడదని ఒడ్డుకో పడవ వేశాం. రెండూ ఉదయం తొమ్మిదింటికి బయలుదేరతాయి. నాలుగింటికి తిరుగు ప్రయాణం.

మీ
మూడో బల్ల గుమస్తా

తా.క.: నడి ఏట్లో పడవ ఆపడం, వెనక్కి తిప్పడం నిషేధం. ఈ నిబంధన నేనే రాశాను. మీ క్షేమం కోసమే.

*

బాబూ,

ఇది అక్క ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. అక్క ఇక్కడ లేదు. మా ఇంటి అరుగు మీద ఉంటుంది.

తొమ్మిదింటికి పడవెక్కాను. నడి ఏట్లోకి వచ్చేసరికి నీ రెండో పడవ ఎదురైంది. అందులో ఆ పసుపు జెండా ఉంది. జెండా కాదు, గొడుగు. దాని కింద మా అక్క. నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం అక్కడ నిలబడి నా వైపు గొడుగు ఊపింది ఆవిడ. నేనేమో దాని మీద నీకు ఫిర్యాదులు రాశాను.

‘ఎక్కడికే?’ అని అరిచింది. ‘మీ ఇంటికి’ అన్నాను. ‘నేను మీ ఇంటికే వస్తున్నానే’ అంది. పడవ ఆపమంటే, నడిపే మనిషి నీ నిబంధన చదివి వినిపించాడు.

తాళంచెవి ఎక్కడ పెడుతుందో నాకు తెలుసు. తలుపు తీశాను. గోడకి కొక్కెం, దానికి నీ ఉత్తరాలు, ఆవిడ నింపిన ఫారం నకలు. అదే సంతకం, అవే సున్నాలు. నేను ‘అక్క’ అని రాశాను, ఆవిడ ‘చెల్లి’ అని రాసింది. రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీద పెట్టుకుని నీకు అనుమానమే రాలేదా నాయనా?

వాటి వెనక ఒక కార్డు కూడా ఉంది, నా పేరుకి. ‘చెల్లీ, నా ముడి వదులే’ అని ఒక్క ముక్క. పంపలేదు. కార్డుతో సరిపెట్టిందని నేనంటానని కాబోలు. బంగారంలాంటి ముడి అది. నా కోసం అబద్ధం రాసుకుంది.

నాలుగింటికి నేనూ లేస్తే మళ్లీ నడి ఏట్లో కేకలే. అందుకే కదలను. అక్కకి ఎదురుచూడడం రాదనుకునేదాన్ని. నాలుగేళ్లు నిలబడింది. ఇవాళ కూర్చోవడం నా వంతు.

నీ
పెద్దమ్మ

తా.క.: పడవ కనిపిస్తోంది. మూసేసిన ఆ జెండా ఫైలు మళ్లీ తెరువు. జెండా ఇటే వస్తోంది.