తిరగేసి కుట్టిన వాదన

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం, నువ్వూ క్షేమమే అనుకుంటాను. చూశావా, అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే "క్షేమం" అని రాసేసింది. కొట్టేయడం లేదు, ఉండనీ. కానీ నిజం చెప్పాలి. నేనిప్పుడు మా ఆసుపత్రి రెండో అంతస్తులో, ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపల ఉన్నది నాన్న. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. అది ఆరేదాకా నాకు వేరే పని లేదు.

కంగారు పడకు. ఈ ఉత్తరం అందేసరికి మీ ఓడ ఏదో రేవులో ఉంటుంది, ఇక్కడ జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. "జరగాల్సింది" అన్నానా? ఈ మాట మీదే కదా ఇంత రభస అయింది! మీ కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేసి నీకు కబురు పెడతానంటే నాన్న ఒప్పుకోలేదు. "నడిసముద్రంలో వాడేం చేస్తాడే? ఈదుకుంటూ వస్తాడా?" అన్నాడు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాసేస్తాను. లేకపోతే ఈ బెంచీ మీద నేను కుదురుగా కూర్చోలేను. నీ కోటు కుట్టడం అయిపోయింది. జేబులు లోపలికి పెట్టమన్నావు, నాన్న లోపలా బయటా రెండు చోట్లా పెట్టాడు. మేడమెట్ల కమ్మీ ఇంకా ఊగుతూనే ఉంది, బాగుచేస్తానని నువ్వు రెండుసార్లు మాటిచ్చి వెళ్ళావు, గుర్తుంచుకో. లెక్కల మాస్టారూ బేకరీ ఆవిడా ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే మంచినీళ్ళు కూడా ముట్టడు. ఆవిడ దేవుడి మాటెత్తితే చాలు, ఇంతెత్తున లేస్తుంది. అయినా ఆదివారం వచ్చేసరికి ఇద్దరూ పక్కపక్క కుర్చీలే చూసుకుంటారు.

ఇక నీ పెద్ద ప్రశ్న. మనం ఆదివారాలు చదువుకునే నవల మీద మీ ఓడ వంటాయనతో పందెం కాశావట, ఓడినవాళ్ళు అంట్లు తోమాలట. అసలు ఆయనకు కథ సరిగ్గా చెప్పావా అని నా అనుమానం. నువ్వెప్పుడూ మధ్యలోంచి అందుకుంటావు. ఇదిగో, ఇలా చెప్పు. నక్షత్రాల మధ్య పోతున్న ఒక నావ. అందులో జరగబోయేది లెక్కగట్టి చెప్పే యంత్రం ఉంది, పేరు గణకుడు. దాని లెక్క ఇంతవరకూ తప్పలేదు, అందుకే నావలో సగంమంది దానికి మొక్కుతారు. "నువ్వు చివరి తలుపు తెరుస్తావు, తెరిచి చచ్చిపోతావు" అని అది కెప్టెన్‌కు చెబుతుంది. ఆయన ఆ తలుపుకు తనే వెల్డింగ్ పెట్టి మూసేస్తాడు. కొన్నాళ్ళకు నావలో తోటపని చేసే ఆవిడ ఆ తలుపు వెనక చిక్కుకుపోతుంది. కెప్టెన్ ఆ అతుకును తన చేతులతోనే కోసి తలుపు తెరుస్తాడు. ఆవిడ బతుకుతుంది, ఆయన పోతాడు. మరి ఆయన తెరిచింది గణకుడు చెప్పినందుకా, తనకు తెరవాలని అనిపించినందుకా? అంతా ముందే తెలిసిన దేవుడు ఉంటే, మనం చేసేది మనం చేస్తున్నట్టా? ఇదీ ప్రశ్న. దీని మీద నాన్న కుట్టుకొట్టు పైగదిలో ఎన్ని ఆదివారాలు గొంతులు చించుకున్నామో నీకు తెలుసు.

ఆమధ్య ఒక ఆదివారం వంతు నాది, మాస్టారిది. మన పద్ధతి నువ్వు పెట్టినదే కదా, తిరగేసి వాదించడం. బట్టను తిరగేస్తేనే కుట్టు ఎలా ఉందో తెలుస్తుందని నాన్న అన్న మాట పట్టుకుని, ఎవరు ఏది నమ్ముతారో దానికి ఎదురు వాదించాలని రూలు పెట్టావు. కాబట్టి భక్తుడైన మాస్టారు దేవుడూ లేడు, రాతా లేదు, కెప్టెన్ తనే ఎంచుకున్నాడని చెప్పాలి. దేనికీ మొక్కని నేను అంతా రాసిపెట్టే ఉందని చెప్పాలి. నాన్న అప్పుడే టీ గ్లాసుల పళ్ళెంతో మెట్లెక్కి, గుమ్మం దగ్గర ఆగిపోయాడట. నేను చూసుకోలేదు.

బాగా చెప్పానురా. నాకే ఆశ్చర్యం వేసింది. "గణకుడి లెక్క భయపెట్టడానికి కాదు, ఊరడించడానికి. తలుపు తెరుచుకునేదే అయితే కెప్టెన్‌కు అడ్డం పడాల్సిన పని ఎవరికీ లేదు. ఆయన్ను ప్రేమించేవాళ్ళు ఇక కాపలా కాయనక్కర్లేదు. చేతులు దించి కాసేపు కూర్చోవచ్చు" అన్నాను. బేకరీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మాస్టారు తన వంతు వాదన వదిలేసి చప్పట్లు కొట్టాడు.

ఆ వారమే నాన్న కడుపునొప్పి సంగతి తేలింది. కడుపులో పెద్ద రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బింది. పెద్ద డాక్టరు దాచకుండా చెప్పాడు. ఆపరేషన్ చేస్తే ఈ వయసులో ప్రమాదమే, చెయ్యకపోతే అది ఎప్పుడైనా పగలొచ్చు, పగిలితే ఆసుపత్రికి తెచ్చే వ్యవధి కూడా ఉండదు అన్నాడు. నాన్న తలూపుతూ అంతా విన్నాడు. ఇంటికొచ్చి చొక్కా కొక్కేనికి తగిలించి, "నాకు ఆపరేషన్ వద్దమ్మా" అన్నాడు.

"ఎందుకొద్దు?"

"ఎంత రాసుంటే అంత. ఆదివారం నువ్వే అన్నావుగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది తిరగేసి వాదించడం నాన్నా! నేను నమ్మనిది చెప్పాను. అది మా ఆట!"

"తిరగేసినా గుడ్డ అదే కదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

ఆ తర్వాత ఎంత చెప్పినా బండరాయికి చెప్పినట్టే. అరిచాను. అన్నం తినకుండా కూర్చున్నాను. మాస్టారు వచ్చి, "దేవుడు డాక్టర్లను కూడా పుట్టించాడండీ" అని నచ్చజెప్పాడు. బేకరీ ఆవిడ వచ్చి దెబ్బలాడింది. నాన్న ఇద్దరికీ టీ ఇచ్చి పంపించాడు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ మోగితే చాలు, చేతిలో పని వదిలేసి ఎత్తేదాన్ని. పక్కింటి అరుగు మీద ఎవరో పెద్దగా పిలిచినా, నాన్నకేదో అయిందేమో అని పరిగెత్తేదాన్ని. ఆయన మాత్రం మిషన్ తొక్కుతూ నీ కోటుకు గుండీలు కుడుతూ కూర్చున్నాడు.

చివరికి దారి చూపింది మాస్టారే. మరుసటి ఆదివారం అందరం పైగదికి వెళ్ళకుండా కిందే, కొట్లోనే, నాన్న బట్టలు కత్తిరించే బల్ల చుట్టూ కూర్చున్నాం.

"ఈసారి వంతు మీదండీ" అన్నాడు మాస్టారు.

"నాదా? నాకేం వచ్చండీ వాదనలు?"

"ఇన్నేళ్ళుగా వింటున్నారు, అందరికంటే పాత సభ్యులు మీరే."

నాన్న మెడలో టేపు సర్దుకుని నావైపు చూశాడు. "ఇదంతా నీ పన్నాగమా?"

"అవును. నువ్వు రాతను నమ్ముతావు గనక తిరగేసి వాదించాలి. కెప్టెన్ తనే ఎంచుకున్నాడని చెప్పాలి."

"చెప్పకపోతే?"

"రేపటినుంచి మీ టీలోకి నా బిస్కెట్లు రావు" అంది బేకరీ ఆవిడ.

నాన్న నవ్వలేదు. ఆలోచించేటప్పుడు సూదిలో దారం ఎక్కించడం ఆయన అలవాటు కదా, సూది తీశాడు. తర్వాత సూది వైపే చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆ అతుకు కోసేటప్పుడు కెప్టెన్ చేతులు వణికాయని ఉంది కదూ? అమ్మాయి చదివి వినిపించినప్పుడు మిషన్ ఆపి మరీ విన్నాను. ఈ మిషన్ ఉంది. సూది ఎక్కడ దిగాలో దానికి ముందే ఖాయం. ఇది ఎప్పుడూ వణకలేదు. ఆ గణకుడూ వణకలేదు. వణికింది మనిషి. ఎందుకు? తెరవకుండా వెనక్కి పోవడానికి దారి ఉంది గనక. ఉన్నది ఒకటే దారైతే వణుకెందుకండీ? కళ్ళు మూసుకుని పోవడమే. రెండు దార్లూ కనబడేవాడికే వణుకు."

అంటూ ఆగిపోయాడు. అప్పుడు చూశాన్రా, సూదిలో దారం ఎక్కలేదు. రాత్రనక పగలనక కుట్టిన చెయ్యి అది. దారం కొస సూది బెజ్జం పక్కనే అటూ ఇటూ తగులుతోంది గానీ లోపలికి పోవడం లేదు.

"నాకు కత్తంటే భయం" అన్నాడు నాన్న. "రాసిపెట్టి ఉందంటే ఇక నన్నెవరూ అడగరు కదా, భయమా కాదా అని."

మళ్ళీ నాన్నే తేరుకున్నాడు. "ఇదంతా నేను నమ్మనిది చెప్పాను, అది గుర్తుంచుకోండి."

"తిరగేసినా గుడ్డ అదేనన్నది మీరే కదండీ" అంది బేకరీ ఆవిడ. ఆవిడ గొంతులో ఈసారి పోట్లాట లేదు.

నాన్న సూదిని బల్ల మీది దిండుకు గుచ్చి, "డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడే?" అని నన్నడిగాడు.

గెలిచానని గంతులు వేశాననుకుంటావు. లేదురా. ఆ క్షణం నుంచీ నాకు ఇంకో భయం పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఒప్పుకోకపోతే పోతాడేమోనని భయం. ఇప్పుడు ఒప్పుకున్నందుకు పోతే? లోపలికి పంపింది నేను. ఇంట్లో కూర్చుని నీ కోటు కుట్టుకునే మనిషిని మాటలతో మెలిపెట్టి తెచ్చి ఆ బల్ల మీద పడుకోబెట్టింది నేను. ఎర్రదీపం ఇంకా ఆరలేదు.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి. పై కాగితాల్లో తప్పించుకుంటూ వచ్చాను. డాక్టరు చెప్పినప్పుడే నాకూ తెలిసినట్టు రాశాను కదూ? అబద్ధం. నేను వాదించిన ఆదివారానికి ముందు రోజే నాకు తెలుసు. నొప్పి అంటున్నాడని నేనే మా స్కాన్ గదికి తీసుకొచ్చి, నేనే కడుపు మీద జెల్లు రాసి చూశాను. తెర మీద కనబడింది. ఏం చూశామో స్కాన్ తీసే మేం చెప్పకూడదు, డాక్టరే చెప్పాలి. ఎన్నేళ్ళుగానో ముఖం మామూలుగా పెట్టుకోవడం నేర్చుకున్నాను. "ఏమైనా ఉందా తల్లీ?" అంటే "డాక్టరు చూసి చెబుతాడు నాన్నా" అన్నాను. ఆ గణకుడు పడే బాధేమిటో ఆ పూట నాకు తెలిసింది.

మర్నాడు పైగదిలో నేను చెప్పింది వాదన కాదురా. చేతులు దించి కూర్చోవాలన్నది నేను. ఈ నిర్ణయం నా నెత్తిన పడకుండా ఎవరో ముందే రాసేసి ఉంటే ఎంత బాగుండునో అని, ఆ కాసేపు నిజంగా నమ్మాను. కథ అడ్డం పెట్టుకుని చెప్పుకున్నాను. నాన్న తప్పుగా వినలేదు. ఆ గదిలో సరిగ్గా విన్నది ఆయన ఒక్కడే.

ఆ సంగతి ఇందాక ఆయనే చెప్పాడు. స్ట్రెచర్ తోసుకొచ్చి ఈ తలుపు ముందు ఆపినప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ రోజు గుమ్మం దగ్గర విన్నప్పుడే అనుకున్నాను, దీనికేదో తెలుసు, మోయలేకపోతోంది అని. ఒక మాట చెబుతాను విను. నేను బయటికొస్తే, అది నేను చేసుకున్న నిర్ణయం. నలుగురికీ చెప్పు. రాకపోతే, అది పైవాడు రాసింది. రెండింట్లోనూ నీకు వాటా లేదు."

"ఇదేం వాదన నాన్నా? రెండు వైపులా నువ్వే కుట్టేస్తే ఎలా?"

"పిల్లల బట్టలు రెండు వైపులా కుడతారే పిచ్చిదానా, కుట్టు ఒంటికి ఒరుసుకోకుండా" అన్నాడు. తలుపు మూసుకుంది.

నీకు గుర్తుందా, అమ్మ పోయినప్పుడు నాన్న మనిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అంతే రాసుందమ్మా, ఎవరూ ఏమీ చెయ్యలేరు" అన్నాడు. డాక్టరును పిలుచుకురమ్మని పంపితే దారి తప్పి ఆలస్యంగా వచ్చింది మనమే. ఆ మాటకు నేను ఆయన మీద ఎన్నేళ్ళు కోపం పెట్టుకున్నానో! చేతకాని మాటనుకున్నాను, మూఢనమ్మకం అనుకున్నాను. ఆ "రాత" మనల్ని ఒరుసుకోకుండా నాన్న లోపలివైపు వేసిన కుట్టని ఇవాళ తెలిసింది. నాకు ఇప్పటికీ దేవుడి మీద నమ్మకం లేదు. నాన్న ఎందుకు నమ్మాడో మాత్రం ఇక అడగను.

దీపం ఆరింది. ఎవరో తలుపు తీస్తున్నారు. నా రాత చూడు, ఎలా వంకర్లు పోతోందో. లేస్తున్నాను.

...

మళ్ళీ బెంచీ మీదికి వచ్చాను. కాగితం తడిసింది, ఏమీ అనుకోకు. నాళం బాగుచేశారు. రేపటిదాకా కనిపెట్టుకుని ఉండాలి, ఆ తర్వాతే గండం గడిచినట్టు అన్నాడు డాక్టరు. ఒక్క నిమిషం లోపలికి పోనిచ్చారు. నాన్న కళ్ళు సగమే తెరిచాడు. పెదాలు కదిపితే చెవి దగ్గర పెట్టాను.

"చెప్పావా నలుగురికీ?" అన్నాడు.

నీతోనే మొదలుపెడుతున్నాను.

ఇట్లు,
నాన్న నిర్ణయంలో వాటా లేని,
నీ నోటిదురుసు అక్క