ఏ పన్ను నొక్కినా జ్ఞానదంతమే

చిరంజీవికి పిన్ని ఆశీస్సులు.

మా పళ్ళ ఆసుపత్రికి నువ్వు చేసిపెట్టిన దవడ బొమ్మ ముచ్చటగా ఉంది. కానీ తెర మీద ఏ పన్ను నొక్కినా చివరి జ్ఞానదంతమే ఎర్రగా వెలుగుతోంది. ఆదివారం ఊళ్ళో తోటి పళ్ళ డాక్టర్లకి చూపించి నీకు నాలుగు పనులు ఇప్పిద్దామనుకున్నా. నీ ఉద్యోగం ఊడిందని మీ అమ్మ ఒకటే దిగులు. త్వరగా బాగుచెయ్యి.

ఇట్లు, పిన్ని

తా.క.: రోగి నోట్లో చేతులు పెట్టుకుని ఫోన్ ఎత్తలేను. ఉత్తరమే రాయి.

*

పిన్నికి నమస్కారాలు.

నీకు నొక్కడం రాదనుకున్నాను. నేనే నొక్కి చూసి సిగ్గుపడ్డాను. ముప్ఫై రెండు పళ్ళకీ ముప్ఫై రెండు క్లిక్ హ్యాండ్లర్లు, అంటే నొక్కగానే పలికే కాపలావాళ్ళని పెట్టాను. అందరూ చివరి పన్ను పేరే బట్టీపట్టారు. ఇప్పుడు వాళ్ళందర్నీ పీకేసి, దవడ మొత్తానికి ఒక్కణ్ణే పెట్టాను. బారెడు జావాస్క్రిప్ట్ కోడ్ నాలుగు లైన్లయింది.

మీ అబ్బాయి

తా.క.: ఈ తెలివి ఉద్యోగం ఉన్నప్పుడు ఎక్కడ చచ్చిందో!

*

చిరంజీవికి,

ఒరే, ఆ ఒక్కడే కొంప ముంచాడు. ఇవాళ పన్ను తీయించుకోడానికొచ్చిన బడిపంతులుగారి ముందు బొమ్మ మీద ఆ పన్ను నొక్కితే "తీయవలసినది: దవడ మొత్తం" అని పడింది. ఆయన అది చదివారు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారు.

కోపంతో, పిన్ని

తా.క.: చెప్పులు ఆయాతో పంపాను. నోరు గట్టిగా మూసుకుని కిటికీలోంచి అందుకున్నారట.

*

పిన్నికి సాష్టాంగ నమస్కారాలు.

నా బుద్ధి గడ్డి తింది. ఆ కాపలావాణ్ణి "ఏ పన్ను నొక్కారు?" అని అడగాల్సింది పోయి "నువ్వెవరివి?" అని అడిగాను. వాడు నిజాయితీగా "దవడని" అన్నాడు. ఒక్క మాట మార్చాను, కుదిరింది. నమ్మకం లేకపోతే ఆదివారం నా పన్నే చూడు. కుడివైపు కింది పన్ను వారం రోజులుగా ప్రాణం తోడేస్తోంది. అందరి ముందూ నేనే బొమ్మ మీద నొక్కుతా, నువ్వు పీకు.

మీ అబ్బాయి

తా.క.: మత్తు కాస్త ఎక్కువే ఇవ్వు.

*

పిన్నీ,

నోట్లో దూది ఉంది కాబట్టి రాస్తున్నాను. నిండు సభలో పరువు పోయింది. నేను బొమ్మలో కుడివైపు పన్ను నొక్కితే ఆ దిక్కుమాలిన బొమ్మ "ఎడమ పన్ను" అంది. డాక్టర్లు పగలబడి నవ్వారు. ఇంటికొచ్చి కోడ్ అంతా తిరగేశాను. తప్పు దొరకలేదు, అంటే పెద్ద తప్పే అయ్యుంటుంది. ఈ పని నాకొద్దు. నాకు ఏడుపొస్తోంది.

మీ అప్రయోజకుడు

తా.క.: నొప్పి మాత్రం పోయింది. నువ్వైనా సరైనదే పీకావు.

*

చిరంజీవికి ఆశీస్సులు.

పిచ్చి సన్నాసీ, బొమ్మలో ఏ తప్పూ లేదు. రోగి మాకు ఎదురుగా కూర్చుంటాడు, అతని కుడి మాకు ఎడమ. పళ్ళ డాక్టర్ల బొమ్మలన్నీ అంతే. నేనిచ్చిన పళ్ళ పుస్తకంలోని బొమ్మని ఉన్నది ఉన్నట్టు దించావు కాబట్టి సరిగ్గా వచ్చింది. నువ్వు నొక్కింది నీ ఎడమ పన్నే. నేను నోరు తెరిపించి, పుచ్చినదే తీశాను. చేసినవాడు తప్పు నొక్కినా బొమ్మ నిజమే చెప్పిందని డాక్టర్లు తెగ మెచ్చుకున్నారు. వచ్చిన అయిదుగురికీ తమ ఆసుపత్రుల్లోకి కావాలట! మీ అమ్మకి చెబితే ఏడ్చేసింది. నేనూ కాస్త ఏడ్చాను.

ఇట్లు, నీ పిన్ని

తా.క.: వాళ్ళ షరతు ఒకటే. బిగించడానికి వచ్చినప్పుడు కుడిచెయ్యి జేబులో పెట్టుకోవాలి. ఏది కుడో తేలకపోతే రెండూ పెట్టుకో.