తిరిగి చెప్పాల్సిన మూడు మాటలు

చేవెళ్ల,
మంగళవారం

శ్రీవారికి,

అందరూ మెయిళ్లు పంపుకునే రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోన్లో చెబితే మళ్లీ "ఆ, ఆ" అంటారు.

శంషాబాద్ విమానాశ్రయం టవర్ నుంచి మీరు చెప్పింది పైలట్ తిరిగి చెప్పాలట, చెప్పకపోతే విననట్టేనట. పెళ్లయిన కొత్తలో మీరే గొప్పగా చెప్పారు. మరి శనివారం అమ్మా నేనూ వికారాబాద్ నుంచి రైల్లో వస్తున్నాం, శంకర్‌పల్లి స్టేషన్‌కి రండి అంటే "ఆ" అని డ్యూటీకి వెళ్లిపోయారు. మామిడికాయల సంచులతో రెండు గంటలు నిలబడ్డాం.

"అల్లుడు ఆకాశంల ఉన్నోళ్లను దించుతడు గని, స్టేషన్ల ఉన్నోళ్లను ఇంటికి తీస్కపోడు" అని అమ్మ ఇప్పటికీ నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. ఆమె వెంటే ఇక్కడికి, పుట్టింటికి వచ్చేశాను.

నిన్న ఫోన్లో "కోపమా?" అన్నారు. "ఏం లేదు" అన్నాను. "సరే" అని పెట్టేశారు! పైలట్ అంత ముభావంగా మాట్లాడితే ఊరుకుంటారా?

అందుకే స్పష్టంగా రాస్తున్నాను. ఆదివారం పొద్దున పదింటికి చేవెళ్ల బస్టాండుకు రండి. నేను బ్యాగు సర్దుకొని ఉంటాను. మీరు లేకుండా నాకు తోచడం లేదు.

ఉత్తరం అందగానే ఫోన్ చేసి ఈ మూడూ తిరిగి చెప్పండి. మొదటి రెండూ మెల్లగా చెప్పినా ఫర్వాలేదు. మూడోది మాత్రం నా పక్కన కూర్చున్న అమ్మకు కూడా వినబడాలి.

మీ ఆవిడ