ఏడేళ్లు వెతికిన బాయొనెట్

2009 సెప్టెంబర్ 27, ఆదివారం. ఇక్కడ అమెరికాలో, మా క్యారీలో పొద్దుటి నుంచి తుంపర. నిచ్చెన వేసుకుని ఇంటి చూరు గట్టర్లలో ఆకులు తీశాను.

మూర్తీ, బాయొనెట్ కత్తి దొరికింది. నిన్న గన్ షోలో ఒక ముసలాయన బల్ల మీద కనిపించింది. ఏడేళ్లలో మనం కొన్న మూడూ నీ మిలిటరీ షాట్‌గన్‌కి పట్టలేదు. గొట్టం మూతికి తొడిగే రింగ్ ప్రతిసారీ వదులయ్యేది. ఇది పడుతుందో లేదో చూడాలంటే కిరణ్ ఇంటికి వెళ్లాలి. నువ్వు పోయాక మీ ఆవిడ సరళ గారు తుపాకీని నీ ఆఫీసు స్నేహితుడని అతనికిచ్చారు. నాకు కావాలని నేనూ చెప్పలేదు.

ఇవాళ ఆయుధపూజ కదా, బాయొనెట్ పట్టుకుని వెళ్లాను. తుపాకీకి అతను అప్పటికే కుంకుమ బొట్టు పెట్టేశాడు. ఏటా నీ ఇంట్లో ఆ బొట్టు పెట్టింది నేను.

అతను కాఫీకని లోపలికి వెళ్లగానే బిగించి చూశాను. టక్కున పట్టింది. వెంటనే ఊడదీసి సంచిలో వేసుకున్నాను.

"పట్టిందా అంకుల్?"

"లేదు. రింగ్ లూజ్."

"పోన్లెండి, అది లేకపోతే గన్ పేలదా ఏంటి? ఈసారి షోకి నేనూ వస్తా. ఇద్దరం వెతుకుదాం."

వెతికే ఆ ఇద్దరిలో ఒకడివి నువ్వు.

ఇంటికొచ్చి నా స్క్రూడ్రైవర్ల పక్కన బాయొనెట్‌ని ఉంచి బొట్టు పెట్టాను. సాయంత్రం పులిహోరకి అతన్ని రమ్మన్నది నేనే. అందుకని దాని మీద తువ్వాలు కప్పాను. నువ్వయితే వస్తూనే ఆ తువ్వాలు ఎత్తి చూసేవాడివి. నిచ్చెన ఇంకా బయటే తడుస్తోంది, దాన్ని లోపల పెట్టాలి.