మూలలకు అంటింది ఇంజను నూనె

మద్రాసు, ఆదివారం

బాపుకు దండాలు. ఈ కార్డు మూలలు నల్లగా ఉన్నాయని చావు కబురు అనుకోవద్దు. అది ఇంజను నూనె.

మన గల్లీ ఇషాక్ భాయి ఇక్కడ రేసు కార్ల మెకానిక్. నన్ను షోలవరం పందేలకు తీసుకెళ్లాడు. ఆ మోతకు చప్పుడు అనే మాట చాలదు. పది బస్తాల ఆవాలు ఒకేసారి పోపులో పడ్డట్టుంది.

"గింత ఉరికి యాడికి పోతరు భాయ్?" అన్నాను.

"యాడికీ పోరుర, ఎల్లిన జాగకే వస్తరు!" అంటూ నా జేబులోని ఈ కార్డు లాక్కొని, నూనె చేతులతో తిప్పి తిప్పి గాలి విసురుకున్నాడు.

వేరే కార్డు లేదు. కార్డు రాకపోతే అమ్మ ఏడుస్తుంది, ఇది చూస్తే నాయనమ్మ ఏడుస్తుంది. ముందు మూలలకు పసుపు రాసి, తర్వాత నాయనమ్మకు చూపించు. బర్రె ఈనిందా? మామిడి తొక్కు అయిపోయింది, పంపు. అప్పటికే నాయనమ్మ శోకం మొదలుపెడితే, చచ్చినోడు తొక్కు పంపమని రాస్తాడా అని అడుగు.

నీ కొడుకు విఠల్