వత్తు లేని సంతకం

నాయనా,

నీ సంవత్సరీకం జరిగిన మూడో రోజున మార్కాపురం కోర్టుకు వెళ్లాను. నువ్వు అప్పు తీసుకున్నావంటూ కంభం షావుకారు ప్రామిసరీ నోటు మీద దావా వేశాడు. బీడీ కూడా అరువు తెచ్చుకోని నువ్వు! ఇలాంటి దావాలో మన మాట చెప్పుకోవాలన్నా ముందు కోర్టు అనుమతి ఇవ్వాలట. ఇవ్వకపోతే చేను పోయినట్టే.

వకీలు నన్ను తీసుకెళ్లి కోర్టులో ఉన్న నోటు చూపించాడు. కింద 'సుబ్బయ్య' అని ఒక్క తప్పు లేకుండా ఉంది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

"ఇది మా నాయన సంతకం కాదు సామీ. ఆయన బ కింద వత్తు పెట్టడు," అన్నాను.

నా ఎనిమిదో ఏట పలక మీద నీకు సంతకం నేర్పింది నేనే కదా. అప్పటికి నాకే వత్తులన్నీ సరిగా రావు. పెద్దయ్యాక దిద్దుకోమని ఎంత పోరినా నువ్వు వినలేదు.

"నా బిడ్డ నేర్పిచ్చిన సంతకం. మార్చేదేంది?" అన్నావు.

కరణం నవ్వినా సరే, ప్రతి కౌలు కాగితం మీదా 'సుబయ్య' అనే రాశావు. జడ్జిగారు ఆ కాగితాలన్నీ నోటు పక్కన పెట్టి చూసి, మన వాదన చెప్పుకోవడానికి ఈరోజు అనుమతి ఇచ్చారు. గెలుస్తామో లేదో ఇంకా తెలియదు.

ఇక మన జవాబు దాఖలు చేయాలి. దాని కింద ఎవరి కూతురినో రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

వకీలు చూసి, "నాయన పేరులో వత్తు మరిచిపోయినావమ్మా," అన్నాడు.

మరిచిపోలేదు నాయనా.